దివాన్ దేవిడి, మా నాయిన బట్టల మూటలు

సాలార్‌జంగ్ మ్యూజియం పేరెత్తగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది గంట కొట్టే గడియారం. ఆ తర్వాత మేలిముసుగు రెబెకా పాలరాతి బొమ్మ. మా ఇంట్లో మాత్రం ఆ పేరు వినపడితే చాలు, మాట దివాన్ దేవిడి మీదికి మళ్లేది, అంటే ఆ సామాను మొదట ఉన్న, ఇప్పుడు బజారుగా మారిన పాత మహల్ మీదికి. అక్కణ్నుంచి మా నాయినకూ మా పెద్దనాయినకూ పంచాయితీ మొదలయ్యేది. ఇద్దరూ ఆ చోటు బాగా ఎరిగినవాళ్లే. ఒకాయన ఎరిగింది మహల్‌ని, ఇంకొకాయన ఎరిగింది బజారుని.

మాది సూర్యాపేట. నాయినకు చిన్న బట్టల దుకాణం ఉండేది. లుంగీలు, టవళ్లు, జాకెట్ ముక్కలు, ఫాల్సులు, బడి డ్రెస్సుల గుడ్డ, బతుకమ్మ పండుగకు చీరలు. సరుకంతా పట్నం నుంచే రావాలి. దసరాకు ముందు, పెళ్లిళ్ల సీజన్‌కు ముందు, బడులు తెరిచే ముందు నాయిన పట్నం పోయేవాడు. సెలవులుంటే నన్నూ వెంటేసుకుని పోయేవాడు. ముద్దు చేసి కాదు. కొన్న మూటల దగ్గర కాపలా కూర్చోవడానికి మనిషి కావాలి. జీతం అడగని మనిషిని నేనే.

తెల్లారకముందే బస్సెక్కి గౌలిగూడలో దిగేవాళ్లం. ఇమ్లీబన్ బస్టాండు అప్పటికింకా రాలేదు. గౌలిగూడలో నిజాం కాలం నాటి పెద్ద ఇనుప షెడ్డు కింద బస్సులు ఆగేవి. (ఆ షెడ్డు 2018లో ఉన్నట్టుండి కూలిపోయింది. టీవీలో చూసి నాయినకు ఫోన్ చేస్తే, "పోనీ తియ్, అప్పుడు మనం కింద లేం గదా" అన్నాడు.) అక్కణ్నుంచి నడకే. అఫ్జల్‌గంజ్ దాటి, ఉస్మానియా దవాఖానను కుడిపక్కన వదిలేసి, నయాపూల్ ఎక్కితే కింద మూసీ. ఎండాకాలమైతే ముక్కు మూసుకుని దాటాలి. వంతెన దిగుతుంటే కుడిచేతి వైపు హైకోర్టు గుమ్మటాలు, ఎడమచేతి వైపు నది ఒడ్డున తెల్లటి పెద్ద భవనం.

"అదేంది నాయినా?" అని మొదటిసారి అడిగాను.

"మ్యూజియం. మనకు పనిలేదు, నడువు."

మదీనా చౌరస్తా దగ్గర చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. ఆ తర్వాత పత్తర్‌గట్టి రాతి కమాన్ల కింద దుకాణాలు మొదలు. నాయిన చదివింది ఏడో తరగతి. ఉర్దూ మాత్రం అక్కడి సేట్లతో సమానంగా మాట్లాడేవాడు. బేరం చేసేటప్పుడు ఆయన నోటికంటే వేళ్లే ఎక్కువ పనిచేసేవి. సేటు తాను విప్పి పరవగానే గుడ్డ అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి గట్టిగా నలిపేవాడు. గంజి ఎక్కువ పట్టించిన గుడ్డ అయితే తెల్లటి పొడి రాలుతుంది. ఆ పొడి గురించి ఒక్క మాటా అనేవాడు కాదు. వేళ్లు దులుపుకుని పక్క తాను వైపు చూసేవాడు. సేటుకు సంగతి తెలిసిపోయేది. రేటు అర్ధరూపాయి దిగేది. సగం నగదు, సగం ఉద్దెర. నగదు బనీను లోపలి జేబులో, పిన్నీసు పెట్టి ఉండేది.

నేను మ్యూజియం లోపలికి మొదటిసారి వెళ్లింది నాయిన పుణ్యమా అని కాదు, ఒక సేటు పుణ్యమా అని. నేను ఆరో తరగతిలో ఉన్నప్పటి మాట. సరుకు గోదాం నుంచి రావడం ఆలస్యమైంది. నేను మూటల మీద కూర్చుని కాళ్లు ఊపుతుంటే సేటుకు జాలేసిందేమో, "బచ్చే కో ఘడీ దిఖా కే లావ్", పిల్లాడికి గడియారం చూపించుకుని రా అని గుమస్తాను పురమాయించాడు. ఆ గుమస్తా నన్ను చెయ్యి పట్టుకుని దాదాపు పరిగెత్తించాడు. పన్నెండు కావస్తోంది. పన్నెండు గంటలకైతే పన్నెండు దెబ్బలు పడతాయి, టికెట్ డబ్బులకు న్యాయం జరుగుతుంది. అది ఆయన లెక్క.

గడియారం ముందు అప్పటికే ఒక బడి పిల్లలంతా నేల మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. మేం వెనకాల నిలబడ్డాం. నాకు ముందు కనిపించింది కమ్మరి. చేతిలో సుత్తి పట్టుకుని సెకను సెకనుకూ కొడుతూనే ఉన్నాడు, తల ఎత్తకుండా. అందరూ పైనున్న చిన్న తలుపు వైపు చూస్తుంటే నేను ఆయన్నే చూస్తూ ఉండిపోయాను. ఇంతలో జనంలో ఉస్సు ఉస్సు అన్న చప్పుడు. తలుపు తెరుచుకుంది. గడ్డం మనిషి బయటికొచ్చి నిలబడ్డాడు. గంట మీద ఒకటి, రెండు, మూడు అని పిల్లలంతా గొంతు కలిపి లెక్కపెట్టారు. పన్నెండు అయ్యాక ఆయన ఎవరి మొహమూ చూడకుండా లోపలికి పోయాడు, తలుపు పడింది. అంతే. అంతకోసమేనా అనిపించాలి నిజానికి. అనిపించలేదు. కమ్మరి మాత్రం కొడుతూనే ఉన్నాడు.

ఆ గడియారం కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ దగ్గర్నుంచి వచ్చిందని చాలా ఏళ్ల తర్వాత చదివాను. మూడువందల యాభైకి పైగా భాగాలున్నాయట లోపల. ఇన్నేళ్లుగా దానికి కీ ఇచ్చి, నూనె వేసి, నడిపిస్తూ వచ్చిన మనుషులు ఎవరో, వాళ్ల పేర్లు కూడా ఆ గదిలో ఒక పలక మీద రాసి పెడితే బాగుండేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇంటికొచ్చి ఈ సంబరమంతా పెద్దనాయినకు చెప్పాను. ఆయన మా ఊళ్లో అందరికంటే ముందు పట్నంలో చదువుకున్న మనిషి, సిటీ కాలేజీలో. అంతా విని, "నువ్వు చూసింది మ్యూజియం కాదు బిడ్డా, మ్యూజియం సామాను" అన్నాడు.

ఆయన చూసింది దివాన్ దేవిడిలో. సాలార్‌జంగుల కుటుంబం తరతరాలుగా కాపురమున్న మహల్ అది. ఇప్పటి తెల్ల భవనానికి కూతవేటు దూరం. 1951 డిసెంబర్ 16న నెహ్రూ వచ్చి మ్యూజియాన్ని మొదలుపెట్టింది ఆ మహల్‌లోనే. ఆ తర్వాత పదహారేళ్ల పైచిలుకు మ్యూజియం అంటే ఆ ఇల్లే. కాలేజీకి దగ్గర కావడంతో, 1959లోనో 60లోనో, క్లాసు ఎగ్గొట్టి దోస్తులతో కలిసి పోయేవాడినని ఒప్పుకున్నాడు.

ఆయన చెప్పే పద్ధతి వేరు. ఫలానా వస్తువు చూశానని చెప్పడు. ఫలానా గదిలోంచి ఫలానా గదిలోకి ఎట్లా పోయాడో చెప్తాడు. ఐనా ఖానా అని ఒకటుండేదట. గోడల నిండా అద్దాలే. "మేం నలుగురం పోతే నలభై మందిమి అయినం. మా చెప్పుల దుమ్ము చూసి మాకే సిగ్గనిపించింది" అనేవాడు. చీనీ ఖానా అని ఇంకొకటి. అక్కడ పింగాణీ సామాను అరల్లో కాదు, గోడలకే అలంకారంగా ఉండేది. లక్కడ్ కోట్ అని చెక్కతో కట్టిన భాగం ఒకటి. నడుస్తుంటే కాళ్ల కింద చెక్క కిర్రుమనేదని ఆయన నోటితో ఆ చప్పుడు చేసి చూపించేవాడు. బయట తోటలు, ఫౌంటెన్లు. కుర్చీని కుర్చీ ఉండాల్సిన గదిలో చూశానని, దీపాన్ని దీపం వేలాడాల్సిన కప్పు కింద చూశానని ఆయన గొప్ప.

"ఇప్పుడదంతా దవాఖాన లెక్క చేసిండ్రు. వార్డు తర్వాత వార్డు. మంచానికో చీటీ."

ఈ మాట కొత్త భవనం మీద అన్యాయమే. 1963లో నెహ్రూ చేతుల మీదుగా పునాదిరాయి పడి, 1968లో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ప్రారంభించిన ఆ భవనానికి గాలీ వెలుతురూ ఉన్నాయి, జనం తిరిగే చోటుంది, పాత మహల్‌కి లేని భద్రత ఉంది. రోజూ వేలమంది తొక్కితే లక్కడ్ కోట్ ఎన్నాళ్లు నిలిచేది? అయినా పెద్దనాయిన మాటలో ఉన్న దెబ్బ నాకు తగులుతూనే ఉంటుంది. ఒక మనిషి ఇంట్లో ఆయన సామాను చూడటం వేరు, ఆ సామానును చైనావి ఒక గదిలో, జపాన్‌వి ఒక గదిలో, ఏనుగు దంతానివి ఒక గదిలో అని విడగొట్టి చూడటం వేరు. రెండోది చదువు. మొదటిది చుట్టరికం.

ఆ మనిషి గురించి కూడా చెప్పాలి. మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మూడో సాలార్‌జంగ్. 1889 జూన్‌లో పుట్టాడు. నెల తిరక్కుండానే తండ్రి, రెండో సాలార్‌జంగ్ మీర్ లాయక్ అలీ ఖాన్ పోయాడు. తాత, మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్ అంతకు ఆరేళ్ల ముందే పోయాడు. 1853 నుంచి 1883 దాకా ముప్పై ఏళ్లు నిజాం దగ్గర దివాన్‌గిరీ, అంటే ప్రధానమంత్రి పని చేసి, రాజ్యానికి జిల్లాలూ ఖజానా లెక్కలూ నేర్పిన తాత ఆయన. అంత పేరున్న ఇంట్లో మిగిలింది పొత్తిళ్లలో బిడ్డ ఒక్కడు. ఇరవై మూడేళ్లకే, 1912లో, ఏడో నిజాం ఈయన్ను దివాన్‌ని చేశాడు. 1914 చివరికల్లా ఆ పదవి వదిలేశాడు. పెళ్లి చేసుకోలేదు. ఆ తర్వాత చచ్చిపోయేదాకా, అంటే 1949 మార్చి 2 దాకా, చేసింది ఒక్కటే పని: కొనడం.

మా నాయినకు ఈ మనిషి మీద ఉన్న అభిప్రాయం ఒక్క ముక్కలో తేలిపోయేది. "కొనుడే గాని అమ్ముడు తెల్వని మనిషి. ముప్పై ఐదేండ్లు సరుకు దింపుకుంటనే పోయిండు, ఒక్క గిరాకి రాలే." నాయిన దృష్టిలో దేవిడి ప్రపంచంలోకెల్లా పెద్ద గోదాం. వినడానికి తమాషాగా ఉన్నా అందులో కొంత నిజముంది. దేశవిదేశాల నుంచి వర్తకులు వస్తువులు పట్టుకుని నేరుగా దేవిడి గుమ్మానికే వచ్చేవాళ్లు. బయటి దేశాల్లో ఏజెంట్లు ఉండేవాళ్లు. తెచ్చింది నచ్చితే తీసుకునేవాడు. మంచివీ వచ్చాయి, నకళ్లూ వచ్చాయి, ఆటబొమ్మలూ వచ్చాయి, చేతికర్రలూ వచ్చాయి. మ్యూజియం వాళ్లు చెప్పే లెక్క ప్రకారం ఇప్పుడున్నవి సుమారు 43 వేల కళాఖండాలు, 9 వేల చేతిరాత పుస్తకాలు. వీటికి తోడు 47 వేల అచ్చు పుస్తకాలు.

ఒక్క మనిషి సేకరించిన ప్రపంచంలోనే పెద్ద మ్యూజియం అని గైడ్లు చెప్తుంటారు. అది పూర్తిగా నిజం కాదు. ముగ్గురి చేతులున్నాయి అందులో. జనమంతా ఎగబడి చూసే రెబెకానే తీసుకోండి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఆ పాలరాతి బొమ్మను 1876లో రోము నగరంలో కొన్నది తాత. మనవడు అప్పటికి పుట్టనేలేదు.

మూడో సాలార్‌జంగ్ పోయాక వారసుడు లేని ఆస్తి ఏమవుతుందో అందరికీ తెలిసిందే. హక్కుదారులు బయల్దేరారు, కేసులు పడ్డాయి. అప్పటి హైదరాబాద్ ముఖ్య పరిపాలకుడు ఎం.కె. వెల్లోడి ఈ సంపద చెల్లాచెదురు కాకుండా మ్యూజియంగా ఉంచాలని పట్టుబట్టాడు. సామానంతా ఒక వరసలో పెట్టే పని జేమ్స్ కజిన్స్ అనే కళా విమర్శకుడికి అప్పగించారు. నాకు ఆ కజిన్స్‌ను తలుచుకుంటే జాలేస్తుంది. తలుపు తీసిన గదిలోనల్లా కుర్చీలూ కత్తులూ గడియారాలూ కురాన్ ప్రతులూ. ఏది ముందు, ఏది వెనక? 1958లో హైకోర్టులో రాజీ డిక్రీ వచ్చి సామాను ప్రభుత్వానికి వచ్చింది. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. సామాను సంగతి అట్లా భద్రమైంది. ఇల్లు సంగతి ఏ చట్టమూ పట్టించుకున్నట్టు లేదు.

నేను డిగ్రీలో ఉన్నప్పుడు, తొంభైల్లో, ముగ్గురం కలిసి ఒకసారి పట్నం పోయాం. పెద్దనాయినకు కంటి పరీక్ష ఉండింది. అది పొద్దున్నే అయిపోయింది. నాయిన కలవాల్సిన సేటు సాయంత్రం రమ్మన్నాడు. మధ్యలో పూట ఖాళీ. "నడువుండ్రి, దేవిడి చూద్దాం" అన్నాడు పెద్దనాయిన. "నేను రోజూ చూసేదే గదా" అన్నాడు నాయిన. అప్పటికి మా దుకాణంలోకి రెడీమేడ్ వచ్చేసింది. పిల్లల ఫ్రాకులు, చొక్కాలు నాయిన దేవిడి గల్లీల్లోనే తెచ్చేవాడు.

కమాన్ దగ్గరికి చేరేసరికి పెద్దనాయిన నడక మారింది. కంట్లో మందు వేశారు కాబట్టి మసక మసకగా కనిపిస్తోందని, నన్ను మోచేయి పట్టుకోమన్నాడు. కమాన్ పాతదే. పైన నగిషీ అక్కడక్కడ మిగిలి ఉంది, దాని మీదుగా కరెంటు తీగలు, బ్యానర్లు. కింద దుకాణాల బోర్డులు. లోపలికి రెండడుగులు వేశామో లేదో వెనక నుంచి "బాజూ! బాజూ!" అని కేక. నెత్తిన ఇంత మూట పెట్టుకుని ఒక హమాలీ దూసుకొచ్చాడు. పక్కకు జరిగితే గోడకు వేలాడదీసిన ఫ్రాకులు మా మొహాలకు తగిలాయి. గోటా అంచు, చెమ్కీలు.

పెద్దనాయిన కాసేపు దిక్కులు చూశాడు. ఐనా ఖానా ఇటు ఉండాలె అని ఒకవైపు చెయ్యి చూపించాడు. అటు మూడంతస్తుల కాంప్లెక్స్ ఉంది. కాదు, అటేమో అని ఇంకోవైపు తిరిగాడు. ఒక ముసలి దుకాణదారు మమ్మల్ని గిరాకి అనుకుని "ఆయియే" అన్నాడు. పెద్దనాయిన ఆయన్నే అడిగాడు, ఉర్దూలో, చాలా మర్యాదగా, ఇక్కడ అద్దాల మహల్ ఉండేది, ఏ వైపు అని. ఆ ముసలాయన చేతిలోని గజంబద్ద కింద పెట్టి, "మియా, ఆప్ బహుత్ దేర్ సే ఆయే" అన్నాడు. ఆలస్యంగా వచ్చారు అని. ఆ తర్వాత కూర్చోమని స్టూలు వేసి, చాయ్ తెప్పించాడు. చిన్నప్పుడు తోటలో ఆడుకున్నాడట ఆయన. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటూ ఉంటే, నాయిన ఆ దుకాణంలోని ఫ్రాకుల కుట్టు తిరగేసి చూసి, పన్లో పనిగా రెండు డజన్లు బేరం చేశాడు.

బయటికొచ్చాక పంచాయితీ రానే వచ్చింది.

"మహల్‌ను కూలగొట్టి ఫ్రాకులు అమ్ముతుండ్రు" అన్నాడు పెద్దనాయిన.

"ఒక్కడుండే ఇంట్ల ఇప్పుడు వెయ్యి కుటుంబాలు బతుకుతున్నయ్. మనదీ బతుకుతుంది. ఇగ నీకేం కావాలె?" అన్నాడు నాయిన.

ఎవరిది న్యాయం? అప్పుడు నేను నాయిన పక్షం. మా ఫీజులు ఆ ఫ్రాకుల మీదే కట్టారు మరి. తర్వాత 2005లో నిజాముల మహల్ చౌమహల్లాను బాగుచేసి జనానికి తెరిచినప్పుడు, ఆ షాండ్లియర్ల కింద నిలబడినప్పుడు, పెద్దనాయిన వైపుకు కొంచెం జరిగాను. మనసు పెడితే మహల్‌ను నిలబెట్టవచ్చని అక్కడ కంటి ముందే కనపడుతోంది. దేవిడికి ఆ అదృష్టం పట్టలేదు. సామాను తీసుకుపోయాక ఖాళీ ఇంటిని కాపాడాలన్న ఊహ ఆ రోజుల్లో ఎవరికీ లేదు. స్థలం విలువ మాత్రం అందరికీ తెలుసు. మదీనా పక్కన అంత జాగా ఊరికే ఉండనిస్తారా?

ముగ్గురం దేవిడికి పోయిన ఆ రోజే నాయిన జన్మలో మొదటిసారి మ్యూజియంలోకి అడుగుపెట్టాడు. అన్నేళ్లు దాని పక్కనుంచి నడిచిపోయి కూడా లోపలికి పోని మనిషి. టికెట్ నేనే తీశాను. పెద్దనాయిన మసక కళ్లతోనే ఒక్కో వస్తువు దగ్గర ఆగి, ఇది దేవిడిలో మేడ మీద ఉండేది, ఇది మెట్ల పక్కన ఉండేది అని చెప్పుకుంటూ పోయాడు. నిజంగా గుర్తుండి చెప్పాడో, ఉండాలనుకుని చెప్పాడో తెలియదు. నూర్జహాన్‌దని చెప్పే జేడు పిడి కత్తి దగ్గర, టిప్పు సుల్తాన్‌కు ఫ్రాన్స్ రాజు పంపాడని చెప్పే దంతపు కుర్చీల దగ్గర నాయిన ఒక్క క్షణం కూడా నిలబడలేదు. చెక్క బొమ్మ దగ్గర మాత్రం ఒకసారి చుట్టూ తిరిగాడు. ఒకే దుంగలో ముందువైపు ఠీవిగా నిలబడ్డ సైతాను మెఫిస్టోఫిలిస్, వెనకవైపు తల వంచుకున్న మార్గరెట్టా. వెనకున్న అద్దంలో ఆ పిల్ల కనిపిస్తుంది. "ముందు నుంచి చూస్తే ఒక రకం, వెనక నుంచి చూస్తే ఇంకో రకం. మన సేట్లు గుర్తొస్తలేరా?" అన్నాడు.

రెబెకా దగ్గర ఆగిపోయాడు.

జనం చాలామంది ఉన్నారు. చుట్టూ అందరూ మొహం చూస్తున్నారు, ముసుగులోంచి ఎట్లా కనిపిస్తోందో అని. నాయిన మొహం చూడలేదు. ముసుగు చూశాడు. తల మీద నుంచి జారి భుజం దగ్గర మడత పడిన చోటు చూశాడు, అంచు చూశాడు, కింద కుచ్చులు చూశాడు. ఆయన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే కలిసి, గాల్లోనే నలిపాయి. పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను.

"మల్మల్. మంచి నూలు. గంజి లేదు" అన్నాడు.

"నాయినా, అది రాయి" అన్నాను.

"తెలుసు లేరా. చెక్కినోడికి గుడ్డ తెలుసు అంటున్న. పల్చటి గుడ్డ తడిస్తే ఒక తీరుగ పడ్తది, ఎండితే ఒక తీరుగ పడ్తది. ఇది ఎండిన గుడ్డ పడ్డ తీరు. వాడు దుకాణంల కూసున్నడో, వాళ్లమ్మ చీరలు చూసిండో."

బెంజోనీ గురించి నేను ఆ తర్వాత ఎక్కడెక్కడో చదివాను. ఈ బొమ్మను ఆయన ఒకటికంటే ఎక్కువసార్లు చెక్కాడని, ఇది బైబిల్ కథలో ఇస్సాకును మొదటిసారి చూడబోతూ ముసుగు కప్పుకున్న పెళ్లికూతురని తెలిసింది. గుడ్డ గురించి మా నాయిన చెప్పినంత సూటిగా మాత్రం ఎవరూ చెప్పలేదు.

అక్కణ్నుంచి ఆయన్ను వస్త్రాల గ్యాలరీకి తీసుకుపోయాం. ఇక రావడానికి మొరాయించాడు. కశ్మీరీ శాలువాల ముందు మొహం గాజుకు ఆనించి నేత లెక్కపెట్టబోయాడు, కాపలా మనిషి దూరంగా నిలబడమని చెప్పేదాకా. జరీ కింఖాబు ముందు, "ఇప్పుడు ఇది నేయాలంటే గజానికి ఎంత పడ్తదో" అని తనలో తానే లెక్కలు వేసుకున్నాడు. సేటు దగ్గరికి సాయంత్రం పోవాల్సింది, చీకటి పడ్డాక పోయాం.

పెద్దనాయిన 2003లో పోయాడు. నాయిన దుకాణం ఇంకొన్నాళ్లు నడిపి, మోకాళ్లు సహకరించక తమ్ముడికి అప్పజెప్పాడు. తమ్ముడు ఇప్పుడు సూరత్ నుంచి ఫోన్లోనే ఆర్డర్ పెడతాడు. పత్తర్‌గట్టి మొహం చూసి ఎన్నేళ్లయిందో వాడికే తెలియదు.

పోయిన చలికాలం మా అమ్మాయిని తీసుకుని వెళ్లాను. మ్యూజియం బాగా పెరిగింది. పాత భవనానికి తూర్పున ఒకటి, పడమట ఒకటి కొత్త భవనాలు. ఒకదానికి తాత పేరు, ఇంకొకదానికి తండ్రి పేరు పెట్టారు. గడియారం ముందు ఇప్పుడు నేల మీద కూర్చోవడాలు లేవు. ఎత్తిన చేతుల్లో అన్నీ ఫోన్లే. మా అమ్మాయి కూడా ఫోన్ ఎత్తింది. కమ్మరిని చూడమని చెప్పాను. జూమ్ చేసి చూసి, "ఈయనకు బ్రేక్ లేదా డాడీ?" అంది.

సాలార్‌జంగ్ వాడుకున్న వస్తువులు పెట్టిన చోట అది చాలాసేపు ఆగింది. ఫొటోలో ఆయన టోపీతో, షేర్వానీతో ఉన్నాడు. ఇన్ని కుర్చీలు, ఇన్ని మంచాలు కొన్నాడు కదా, ఆయన పడుకునే గది ఏదని అడిగింది. ఇక్కడ కాదు, దేవిడిలో అన్నాను. అయితే అక్కడికి పోదాం అంది.

పోయాం. మా పెద్దనాయిన చెప్పిన గదులన్నీ దారి పొడవునా చెప్పుకుంటూ పోయాను, అద్దాల గది, పింగాణీ గోడలు, కిర్రుమనే చెక్క. కమాన్ కింద నిలబడి అది పైనున్న నగిషీని ఫోటో తీయబోతే, ఎదురు దుకాణం కుర్రాడు తన బొమ్మకు తొడిగిన లెహంగాను తీస్తోందనుకుని పరిగెత్తుకొచ్చాడు. "లేలో బాజీ, ఫిక్స్ రేట్, దో హజార్" అన్నాడు. దేవిడిలో ఫిక్స్ రేటు అన్న మాట మా నాయిన వింటే నవ్వి ఉండేవాడు. నేను అంచు పట్టుకుని నలిపాను, వేళ్లు దులుపుకున్నాను, పక్క దుకాణం వైపు చూశాను. పద్నాలుగు వందలకు ఇచ్చాడు.

ఇంటికొచ్చి నాయినకు చూపిస్తే, తొమ్మిది వందల సరుకుకు పద్నాలుగు వందలు పోసొచ్చానని తిట్టాడు.